సరా, బేసా?

అనగనగా ఒక రాజు. ఆయనకి కొడుకు నీలకేతు, కూతురు చిన్నారి మణిమాల. కొడుక్కి అన్నీ వచ్చు, ఒక్క లెక్కలు తప్ప. ముగ్గురు గురువులొచ్చి మూడు బెత్తాలు విరిచారు. మీసాలొచ్చినా సరే, పది దాటి లెక్కపెట్టాలంటే వాడి చేతులు వణికేవి. వణకవూ మరి? బెత్తంతో చదువెక్కుతుందిటర్రా ఎక్కడైనా?

ఒకరోజు కరాళుడనే మాంత్రికుడు మణిమాలని ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలకేమో ఒక్కలా ఉండే చిలకల గుంపులో కలిసి తిరుగుతోంది. పున్నమిలోగా దాన్ని పట్టుకోకపోతే మణిమాలనీ చిలకని చేసి ఆ గుంపులో కలిపేస్తానని కబురు పంపాడు.

గుంపంటేనే లెక్క, లెక్కంటేనే భయం. నీలకేతు సముద్రపొడ్డున కూలబడి ఏడ్చేశాడు. అక్కడ పిల్లల్ని ఆడిస్తున్న పోలమ్మ, జాలరిపిల్ల, నవ్వలేదు. పక్కన కూర్చోబెట్టుకుని గుప్పెడు గవ్వలు పట్టి, "సరా, బేసా?" అంది. గుప్పిట విప్పి గవ్వల్ని రెండేసి పేర్చాలి. అన్నిటికీ జత కుదిరితే సరి, ఒకటి మిగిలితే బేసి.

మొదటిరోజు గవ్వలతో ఆడారు. రెండోరోజు పీతల బొరియలతో. మూడోరోజు అల చెరిపేలోగా అడుగుల జాడలతో. నూరు దాటేశావని పోలమ్మ చెప్పేదాకా అతనికి తెలీనేలేదు. చూసుకుంటే చేతులు వణకడంలేదు.

ఆ ఒడ్డున పిల్లలు తన గుడ్లని ఏనాడూ తొక్కలేదని ముసలి తాబేలు అతన్ని వీపుమీద ఏడు సముద్రాలూ దాటించింది.

దీవిలో ఒకరోజు చిలకల వెంటపడ్డాడు, దొరకలేదు. రెండోరోజు వల వేస్తే కొరికేశాయి. మూడోరోజే పున్నమి. అప్పుడు పోలమ్మ ఆట గుర్తొచ్చి, జామముక్కలు రెండేసి ఇసకలో పేర్చి కదలకుండా కూర్చున్నాడు. చిలకలు జంటలు జంటలుగా వాలాయి. చివరికి ఒక్కటి మిగిలింది, పక్కన ముక్క అలాగే ఉంది. మాంత్రికుడి ప్రాణం మోసే చిలకకి జతెక్కడిది? అదే ఇది!

నీలకేతు దాన్ని పట్టుకున్నాడు. అది గడగడా వణికిపోతోంది. ఆ వణుకు అతనికి కొత్తా? మెడ విరవడానికి మనసొప్పలేదు. కరాళుడు పరిగెత్తుకొచ్చి కాళ్లమీద పడ్డాడు.

"దీన్ని చంపను. నా చెల్లెల్ని ఇచ్చెయ్," అన్నాడు నీలకేతు.

మణిమాల అన్న మెడ కరుచుకుని ఇంటికొచ్చింది. కరాళుడు మంత్రాలు మానేసి, నీలకేతు చేతిలోని చిలక వెంటే వచ్చి, ఒడ్డున పిల్లలకి గవ్వలేరిపెట్టేవాడు. రాజుగారి బెత్తాలన్నీ పొయ్యిలోకి పోయాయి.

నీలకేతు పక్కన పెళ్లిపీటలమీద కూర్చున్న పోలమ్మ గుప్పిట చాచి, "సరా, బేసా?" అంది.

నీలకేతు గుప్పిట చూడలేదు, ఆమె మొహం చూశాడు.

"సరి."

విప్పితే రెండు గవ్వలు. ఆ ఇద్దరూ నూరేళ్లు చల్లగా ఏలారు. మీరూ గుప్పిళ్లు పట్టండర్రా, ఆడదాం.