నక్క పెట్టిన వార్తల బడి

రాళ్లవాగు మలుపులో ఎండాకాలం కూడా ఎండని మడుగు ఒకటుంది. ఎండ నెత్తి మీదికొచ్చే వేళకి ఆ చుట్టుపక్కల జంతువులన్నీ అక్కడికి దిగుతాయి. మడుగు మధ్యలో దున్నపోతు పెద్దయ్య బురదలో మునిగి, కొమ్ములూ ముక్కూ మాత్రం పైకి పెట్టుకుని ఉంటాడు. ఆయన చూస్తున్నంత సేపూ ఎవరూ ఎవరి జోలికీ పోరు. బుద్ధిగా నీళ్లు తాగుతూ ఆ రోజు వార్తలు వింటారు.

వార్తలు చెప్పే పని ముగ్గురిది. కాకి సగం చూసి మొత్తం చెబుతుంది. చిలుక ఏమీ చూడదు, ఎవరేం చెబితే అదే ముద్దుగా అప్పజెబుతుంది. మూడోది నల్లకోడిపెట్ట. ఊళ్లో చుట్టాలొచ్చిన రోజున గంప కిందనుంచి తప్పించుకుని అడవికొచ్చి పడింది. ఒకచోట గీకడం మొదలుపెట్టిందంటే అడుగు తేలేదాకా వదలదు. అది వార్త తెచ్చేసరికి అందరూ నీళ్లు తాగేసి వెళ్లిపోయి ఉండేవాళ్లు.

ఒకరోజు కాకి వగరుస్తూ వచ్చి, కంపల్లో పులి పడుకుని ఉందని చెప్పింది. అందరూ పరుగో పరుగు. తీరా చూస్తే అది ఎవరో కంప మీద ఆరేసిన చారల దుప్పటి. అప్పుడు పారిపోయిన తాబేలు ఇంకా తిరుగు దారిలోనే ఉంది. ఆ తర్వాత కొన్నాళ్లకు కొండ వార గడ్డి నిజంగానే అంటుకుంది. కాకి గొంతు చించుకున్నా ఒక్కరూ కదల్లేదు. ముంగిస తోక కాలింది.

వార్త చెప్పేవాళ్లు ఉండీ లేనట్టే అయిందని పెద్దయ్య బాధపడుతుంటే నక్క ముందుకొచ్చింది. వీళ్లకి తాను శిక్షణ ఇస్తానంది. నీకేం తెలుసని అడిగితే చెప్పింది. మండలంలో విలేకరులకి తరగతులు పెట్టారట. దాగి ఉన్న నిజాన్ని ఎలా తవ్వి తీయాలో పట్నం నుంచి వచ్చిన పెద్దమనిషి చెప్పాడట. నక్క కిటికీ కింద పడుకుని ప్రతి ముక్కా వింది. అది వెళ్లింది మాత్రం వాళ్లు మధ్యాహ్నం పారేసే బిర్యానీ పొట్లాల కోసం. ఆ సంగతి పెద్దయ్యకి చెప్పలేదు.

నక్క ఊరికే ముందుకు రాలేదు. దాని బొరియ పల్లంలో ఉంది. చినుకు పడితే నీళ్లు లోపలికొచ్చి మూతి దాకా నిలుస్తాయి. దిబ్బ మీద ముళ్లవ్వ బొరియ ఉంది. ముళ్లవ్వ అంటే ముసలి ముళ్లపంది. దాని బొరియకి రెండు గదులు, రెండు వాకిళ్లు. ఎంత వాన కురిసినా చుక్క దిగదు. నక్క కన్ను దాని మీద పడి చాలా కాలమైంది.

వాగు గట్టున ఎవరో రైతు సాగు మానేసి వదిలేసిన చెలక ఉంది. అందులో దోసపాదులు వాటంతటవే మొలిచి కాస్తాయి. ఆ కాయలు బాలింతలవి. ఈనిన లేడి, పిల్లల్ని పెట్టిన కుందేలు, ఇలా ఓపిక లేని తల్లులే వాటిని తినాలి. మిగతావాళ్లు తాకితే వాగు దాటి వెళ్లిపోవాలి, మళ్లీ ఇటు రాకూడదు. కొద్ది రోజులుగా ఆ కాయలు ఎవరో తినేస్తున్నారు. తింటున్నది నక్కే. ఆ తప్పుని ముళ్లవ్వ మీదికి నెడితే కడుపుకి కాయలూ, ఉండడానికి ఇల్లూ రెండూ దక్కుతాయి. కానీ దుప్పటి గొడవ తర్వాత కాకి చెబితే ఎవరు నమ్ముతారు. అందుకని ముందు కాకి మాటకి విలువ తేవాలి. అందుకే ఈ బడి.

బడి బాగానే మొదలైంది. నక్క చెప్పిన పాఠాలన్నీ నిఖార్సయినవే. చూసింది చూశానని చెప్పాలి, విన్నది విన్నానని చెప్పాలి. ఒకరు చెప్పిన మాట ఇంకొకరిని కూడా అడగాలి. ఏదైనా వస్తువు దొరికితే, అది అక్కడికి ఎలా వచ్చిందో కనుక్కోవాలి. ఈ బుర్రలకి ఇవన్నీ ఎక్కుతాయా అని దాని ధీమా. కాకి మొదటి పాఠానికే కునికింది. చిలుక అన్నీ తు.చ. తప్పకుండా అప్పజెప్పింది, ఒక్కటీ అర్థం చేసుకోలేదు. కోడిపెట్ట మాత్రం నక్కకి అందనంత ఎత్తులో తుమ్మకొమ్మ మీద కూర్చుని, మెడ ఇటూ అటూ తిప్పుతూ వింది. దగ్గరికి వచ్చి కూర్చోమని గురువుగారు ఎంత ప్రేమగా పిలిచినా, ఇక్కడ గాలి బాగుందని చెప్పింది.

ఒకరోజు బళ్లో దోసకాయల మాట వచ్చినప్పుడు నక్క చెవులు మూసుకుంది. అది ఆడవాళ్ల చోటనీ, పుట్టి బుద్ధెరిగాక అటు తొంగి చూడలేదనీ అంది.

మర్నాడు అందరూ నీళ్లు తాగి కునుకు తీసే వేళ నక్క దిబ్బ ఎక్కింది. ముళ్లవ్వ వాకిట్లో రాలిన ముళ్లు కుప్పగా ఉంటాయి. వాటిని పాదుల్లో పడేస్తే చాలు. అంతవరకూ బాగానే ఆలోచించింది గానీ, మోయాల్సింది నోటితోనే అన్న సంగతి తట్టలేదు. తొలి ముల్లు పెదవిలో దిగింది. రెండోది నాలుకలో. చెలకకి చేరేసరికి కళ్లల్లో నీళ్లు ధారగా కారుతున్నాయి. ముళ్లు కింద కక్కి, ఇంత కష్టం పడ్డాను కదా అని రెండు కాయలు కూడా తింది. నమిలేటప్పుడు ఒక ముల్లు మొన విరిగి పంటి చిగురులోనే ఉండిపోయింది.

పొద్దున పాఠం వేళకి మూతి బూరెలా పొంగింది. నోరు తెరవడానికి లేదు. నక్క తలకాయ పక్కకి తిప్పుకుని, కాలితో నేల మీద అటూ ఇటూ రాసి, తోక ఊపింది. చిలుక దాని అర్థం చెప్పింది. ఈ రోజు పాఠం మౌనమట. మంచి విలేకరి ముందు నోరు మూసుకోవాలట. గురువుగారు స్వయంగా వ్రతం పట్టారట.

కాకి కూడా వ్రతం పట్టి, కాసేపటికే కళ్లు తేలేసింది. పాపం దానికి చిన్నప్పటి నుంచి అలవాటు లేదు.

నక్క తోకతో చెలక వైపు చూపించింది. కాకీ చిలుకా ఎగిరి వెళ్లి అంతలోనే తిరిగొచ్చాయి. సగం కొరికిన కాయల పక్కన ముళ్లు పడి ఉన్నాయి. కాకి వ్రతం అక్కడితో ముగిసింది. చూసింది చూశానని చెబుతున్నానంటూ చెట్టు చెట్టుకీ తిరిగి చెప్పింది. ఈసారి నిజంగా చూసే చెప్పింది కాబట్టి అందరూ నమ్మారు.

కోడిపెట్ట ఒక్కటే, "మరి అవ్వని ఎవరు అడిగారు?" అంది.

దొంగని అడిగితే ఏం చెబుతుంది, లేదనే చెబుతుందని కాకి విసుక్కుంది. నక్క కూడా అవునన్నట్టు గట్టిగా తోక కొట్టింది. కోడిపెట్ట దిబ్బ వైపు నడిచింది.

ముళ్లవ్వ అప్పటికే సంగతి విని వాకిట్లో కూలబడి ఉంది. ఈ వయసులో గోళ్లన్నీ అరిగిపోయాయి, వాగు దాటి వెళ్తే కొత్త బొరియ తవ్వుకునే శక్తి లేదు, వానల్లో ఎక్కడో తడిసి చావాలి, అని ఏడ్చింది. కోడిపెట్ట ఆ ఏడుపు అయిపోయాక అడిగింది.

"అవ్వా, కాయలు నువ్వు తిన్నావా?"

"దోసకాయ నాకు పడదే తల్లీ. తింటే మోకాళ్లు పట్టేస్తాయి. దుంపలు తవ్వుకు తింటాను, అదీ దొరికిన రోజు."

"మరి నీ ముళ్లు అక్కడికి ఎలా పోయాయి?"

"నన్నడిగితే? రాలినవన్నీ ఇదిగో ఇక్కడ పోసుకుంటాను. నిన్నటి నుంచి ఆ కుప్ప లేదు. ఎవరికేం పనికొస్తాయిలే అని ఊరుకున్నా. పట్టుకెళ్లినవాడి నోరు ఏమైందో, పాపం."

ఇటూ అటూ తిరుగుతున్న కోడిపెట్ట మెడ టక్కున ఆగింది. కుప్ప ఉన్న చోట నేల గీకి చూసింది. ఒక్క ముల్లయినా మిగల్లేదు. అక్కణ్ణుంచి అది ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. ఎవరు కనబడితే వాళ్లని నోరు తెరవమంది. కుందేలు తెరిచింది. ముంగిస తెరిచింది. అడవిపందికి కోపం వచ్చింది, తన నోట్లోకి ఇంతవరకు సొంత పెళ్లామే తొంగి చూడలేదంది, చివరికి అదీ తెరిచింది. కాకి ముక్కు లోపలా చూసింది. చిలుక అడక్కుండానే తెరిచింది.

ఎండ నెత్తి మీదికొచ్చింది. అందరూ మడుగు దగ్గర చేరారు. ముళ్లవ్వ మూటా ముల్లే లేకుండా ఒక పక్కన నిలబడింది. చిలుక వార్త అప్పజెప్పింది. పెద్దయ్య బురదలోంచి లేచి, చూడబోతే ఋజువు ఉంది, కట్టుబాటు ఉంది, నా చేతిలో ఏముందవ్వా, అన్నట్టు నిట్టూర్చాడు. వాగు దాటమని చెప్పడానికి నోరు తెరిచాడు.

"ఒక్క మాట పెద్దయ్యా," అంది కోడిపెట్ట తుమ్మకొమ్మ మీదనుంచి. "వస్తువు దొరికితే అదెలా వచ్చిందో అడగమని గురువుగారే నేర్పారు. అవ్వ వాకిట్లో ముళ్ల కుప్ప మాయమైంది. ఎవరో మోసుకెళ్లారు. మనలో ఎవరికీ చేతుల్లేవు."

"నోట్లో పెట్టుకుంటే గుచ్చుకోవూ?" అంది లేడి.

"అదే నేనూ అనుకున్నానమ్మా. అందుకే అందరి నోళ్లూ చూసొచ్చాను. గురువుగారిదొక్కటే మిగిలింది."

అందరి తలలూ నక్క వైపు తిరిగాయి. నక్క తోక ఊపింది, ఆకాశం వైపు చూసింది, కళ్లు మూసుకుంది. గురువుగారు మౌనవ్రతంలో ఉన్నారని చిలుక అర్థం చెప్పింది.

"మాట్లాడొద్దు నాయనా," అన్నాడు పెద్దయ్య మెల్లగా, దగ్గరికి నడిచొస్తూ. "ఊరికే తెరువు చాలు. వ్రతానికేం భంగం లేదు."

నక్క కొంచెం తెరిచింది. ఇంకాస్త అన్నాడు పెద్దయ్య. కొమ్ములు బాగా దగ్గరికొచ్చేసరికి ఇంకాస్త తెరిచింది. పెదవి వాచి వేలాడుతోంది. చిగురులో ముల్లు మొన నల్లగా మెరుస్తోంది. ముళ్లవ్వ కుంటుకుంటూ వచ్చి చూసి, అది తనదేనంది.

నక్క ఇక వ్రతం వదిలేసింది. వాచిన నాలుకతో ముద్ద ముద్దగా ఏదో చెప్పింది. చిలుక దాన్ని విడదీసి అందరికీ వినిపించింది. శిష్యులు పొరపాటు పడకూడదని గురువుగారు ముందుగా తామే వెళ్లి ఋజువు వాసన చూశారట. అప్పుడు గుచ్చుకుందట.

"తొంగి కూడా చూడలేదన్నారు కదా గురువుగారూ," అంది కోడిపెట్ట. "పోనీ, వాసన చూసేటప్పుడే గుచ్చుకుందనుకుందాం. పళ్ల సందుల్లో ఆ గింజలేమిటి?"

పెద్దయ్య వంగి చూశాడు. లేడి చూసింది. కుందేలు చూసింది. నాలుక నొప్పితో నక్క నిన్నటి నుంచి పళ్లు నాక్కోలేదు. ప్రతి సందులోనూ ఒక దోసగింజ, తెల్లగా, పల్చగా, వరసగా కూర్చుని ఉంది.

పెద్దయ్య కొమ్ముతో వాగు అవతలి గట్టు చూపించాడు.

ముళ్లవ్వ దిబ్బ మీదికి తిరిగి వెళ్లింది. నక్క వాగులోకి దిగి, తల వంచుకుని అవతలి గట్టుకి ఈదింది. ఇంత పెద్ద వార్త దొరికినందుకు కాకి రెక్కలు విదిలించి అరవబోయింది. కోడిపెట్ట, "మరి నక్కని అడిగావా?" అంది.

కాకి వాగు మీదుగా ఎగిరి, నక్క ముందు వాలి, ఈ విషయంలో మీరేమంటారు గురువుగారూ, అని మర్యాదగా అడిగింది. నక్క పక్కకి తిరిగి నడిచింది. కాకి గెంతుకుంటూ వెంట పడి మళ్లీ అడిగింది. కంపలు దాటి, గట్టు దాటి, కనుచూపు మేర దాటేదాకా అడుగుతూనే పోయింది.

ఎవరి మీద చెబుతున్నామో వాళ్లని అడగకుండా చెప్పేది చాడీ, అడిగి చూసి చెప్పేది వార్త.