మీ ఆనందమే మా ఆనందం

"మా అమ్మ పోయింది. ఈ నెల తేనె పంపకండి" అని తేనె కొట్టు పేజీలో కాకి కరటయ్య కామెంట్ పెట్టాడు. చిలక మంజీర దాని కింద "వావ్ అండీ, మీ ఆనందమే మా ఆనందం" అని కొట్టి, పక్కన పూలగుత్తి కూడా అతికించింది. ముక్కు ఫోన్ మీంచి తీశాక తను రాసింది తనే చదువుకుంది. తుడిచేద్దామనుకునేలోపే కప్పలు గంపెడు లైకులు కొట్టేశాయి.

అది కొండ కింద తాటితోపు. పక్కన సెల్ టవర్ లేచిన దగ్గర్నుంచీ అక్కడ ఎలకపిల్లకి కూడా ఓ పేజీ ఉంది. ఎలుగుబంటి భల్లయ్యది తేనె కొట్టు. పట్టు దింపడం వచ్చుగానీ ఫోన్ పట్టడం రాదు. అందుకే ప్రచారం పని నక్క జంబయ్యకి అప్పజెప్పాడు. జంబయ్య ఈగల్ని ఎరేసి చెరువులో కప్పలన్నిటినీ పేజీలో చేర్చాడు. జవాబులివ్వడానికి మంజీరని పెట్టుకున్నాడు. డిగ్రీ అయ్యాక జామచెట్టు ఎక్కుతూ దిగుతూ కాలక్షేపం చేస్తున్న పిల్లకి అదే మొదటి ఉద్యోగం. ఇంటర్వ్యూలో అడిగింది ఒక్కటే, చెప్పింది చెప్పినట్టు చెప్పగలవా అని. చిలకని అడగాల్సిన ప్రశ్నేనా అది?

మంజీర పరుగున వెళ్లి జరిగింది చెప్పింది. జంబయ్య తోక కూడా కదపలేదు.

"అసలు కామెంట్ చదవమని నీకెవరు చెప్పారే?"

"చదవకపోతే ఎలా బాబాయ్?"

"కింద జవాబు పడాలి, అంతే. చదువుతూ కూర్చుంటే పని సాగదు. కాకులు పోతే పోనీ, కప్పలున్నాయిగా."

ఉన్నాయి. కానీ కప్పలు తేనె తాగవు. కాకులదా, ఒకటి పోతే తోపంతా వచ్చి వాలే జాతి. మర్నాటి నుంచి ఒక్క కాకి కొట్టు గడప తొక్కలేదు. వాటిని చూసి పిచుకలూ ఉడతలూ ముఖం చాటేశాయి. కుండలకి చీమలు పట్టాయి. అమ్మకాలు లేవకపోతే ముందు ఊడేది నీ ఉద్యోగమేనని భల్లయ్య మంజీరకి మెత్తగానే చెప్పాడు.

ఆ సాయంత్రం మంజీర ఫోన్ గూట్లో పడేసి కరటయ్య ఇంటికెళ్లింది. చెప్పాల్సిన మాటలు దారి పొడుగునా వల్లెవేసుకుంటూ పోయి కొమ్మ మీద వాలింది.

"ఏవమ్మా, మా ఆనందం చూసిపోదామని వచ్చావా?" అన్నాడు కరటయ్య.

"తప్పయిపోయింది పెదనాన్నా. చదవకుండా రాశాను."

కరటయ్య పక్కకి జరిగి కొమ్మ మీద చోటిచ్చాడు. తర్వాత తనే మొదలెట్టాడు. చివరి రోజుల్లో అమ్మకి తేనె తప్ప ఏదీ దిగలేదట. కుండ మూతి ఇరుకు, ముసలిదాని ముక్కు వణుకు. మూతి వెడల్పు కుండ పంపండి నాయనా అని పేజీలో ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. అడిగినప్పుడల్లా వచ్చిన జవాబు ఒక్కటే, మీ ఆనందమే మా ఆనందం.

మంజీర పొద్దుగూకేదాకా అలాగే వింటూ కూర్చుంది. లేచేటప్పుడు కరటయ్య అన్నాడు, "పెద్దకర్మకి రా అమ్మా. మా ఇంటి పిల్లలా రా."

మంజీర చెప్పగా భల్లయ్య వెడల్పు మూతి కుండలు చేయించాడు. ఒకటొకటిగా కాకులు తిరిగొచ్చాయి. జంబయ్యకి నిద్ర పట్టలేదు.

"ఏం చెప్పావే వాళ్లకి?"

"ఏం చెప్పలేదు బాబాయ్. విన్నాను."

"ఓస్, వినడమేనా? అది నేనింకా బాగా చేస్తాను" అని జంబయ్య నుదుటి నిండా విభూతి పెట్టుకుని బయల్దేరాడు. కరటయ్య ఇంటెదురు చెట్టుపంగలో ఫోన్ ఇరికించి లైవ్ పెట్టాడు. నేల మీద దొర్లి దొర్లి ఏడ్చాడు. ముసలి కాకులకి కళ్లు చెమర్చాయి కూడా. అక్కడితో ఆపితే గట్టెక్కేవాడే. కానీ అలవాటు ఊరుకోదుగా. కళ్లు తుడుచుకుని ఫోన్ వైపు తిరిగి, "నచ్చితే షేర్ చేయండి, మీ ఆనందమే మా ఆనందం" అన్నాడు.

తోపులో కాకులన్నీ ఒక్కసారిగా లేచాయి. జంబయ్య కొండ దాటేసరికి తోకలో వెంట్రుకల కంటే పోట్లే ఎక్కువ. లైవ్ కట్టేసేవాడు లేడు. ఆ పేజీలో ఇన్నాళ్లకి అందరూ చివరిదాకా చూసిన వీడియో అదొక్కటే. కప్పలకి తేడా ఏం తెలుస్తుంది, దానికీ లైకులు కొట్టాయి.

చెవి మనసుతో ఇస్తే ఊరు చుట్టమవుతుంది, అద్దెకిస్తే కాకులు వెంటపడతాయి.

కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ భల్లయ్య మంజీరని నక్క కుర్చీలో కూర్చోబెట్టి, కొట్టు ముందు పెద్ద బోర్డు కట్టించాడు. "మీ మాట మేం వింటాం" అని రాసి, పక్కన తల వాల్చిన మంజీర బొమ్మ. "రేపు పెద్దకర్మకి వెళ్తున్నావుగా తల్లీ, ఫోన్ పట్టుకెళ్లి లైవ్ పెట్టు. నీకైతే వాళ్లు అడ్డు చెప్పరు" అన్నాడు. అడ్డు చెప్పరు కాబట్టే మంజీరకి ముద్ద దిగడం లేదు.

ఫోన్ తీసుకెళ్తే జంబయ్యకీ తనకీ తేడా విభూతి ఒక్కటే. తీసుకెళ్లకపోతే మళ్లీ జామచెట్టే గతి. అందుకని మిమ్మల్నే అడుగుతోంది.

"మీరైతే ఏం చేస్తారండీ? కింద రాయండి. ఈసారి అన్నీ చదువుతాను."