కామసాని మొదటి పాఠం

తిప్పన కోపంతో ఊగిపోతూ గురువుగారి ముందు నిలబడ్డాడు. పెన్న ఒడ్డున ఓబళాచార్యులు నడిపే వైద్య పాఠశాలలో అతనే పెద్ద శిష్యుడు.

రాజు ఇచ్చిన మాన్యం మీద నడిచే ఏ పాఠశాలా ఇకమీదట ఆడపిల్లలను వెనక్కి పంపకూడదని మూడు రోజుల కిందట ఊళ్ళో దండోరా వేశారు. ఆ పొద్దున్నే కుమ్మరి వీధి నుంచి కామసాని అనే పిల్ల చదువుకుంటానని వచ్చింది. తిప్పన ఆమె మొహం మీదే తలుపు వేశాడు.

"చదువు చెప్పేది మనం. ఎవరికి చెప్పాలో రాజు చెప్పడమేమిటి?" అన్నాడు. "యోగ్యత ఉంటే మీరే చేర్చుకునేవారు కదా! మధ్యలో ఈ చట్టం ఎందుకు?"

కల్వంలో మందు నూరుతున్న ఓబళాచార్యుల చెయ్యి ఆగింది.

"నేనిక్కడ పాఠం చెప్పడం మొదలుపెట్టి ఎన్నేళ్ళయింది?"

"ముప్పై."

"ఇన్నేళ్ళలో ఎంతమంది ఆడపిల్లల్ని చేర్చుకున్నాను?"

తిప్పన చూపు తాను వేసిన తలుపు మీదికి పోయింది.

గురువుగారు లేచి వెళ్ళి తలుపు తీశారు. కామసాని వెళ్ళిపోలేదు. ఎండలో మెట్టు మీదే కూర్చుని ఉంది. ఆయన్ని చూసి లేవలేదు, దండం పెట్టలేదు.

"మా అక్క పురిటి నొప్పులతో రెండు రోజులు అల్లాడింది," అంది. "మగవాళ్ళు లోపలికి రాకూడదని మీ శిష్యుడు వాకిట్లోనే నిలబడి మందిచ్చి పోయాడు. లోపలికొచ్చి చూడగలిగిన వైద్యురాలు ఈ చుట్టుపక్కల ఒక్కతె కూడా లేదు. అక్క పోయింది. నేర్చుకుందామని నేనొస్తే నన్నూ వాకిట్లోనే ఉంచుతారా?"

"అది ఆచారం. నా తప్పేముంది?" తిప్పన గొణిగాడు.

ఓబళాచార్యులు ఆమె ఎదురుగా మట్టిలో చతికిలబడి కుడిచెయ్యి చాపారు.

"బొటనవేలి కింద మూడు వేళ్ళు పెట్టు."

ఆమె పెట్టింది.

"ఎలా ఉంది?"

కామసాని కాసేపు కళ్ళు మూసుకుంది. "గబగబా కొట్టుకుంటోంది. నా వేళ్ళని తోసేస్తోంది."

"కోపంతో ఉన్న మనిషి నాడి అది. గుర్తుపెట్టుకో."

తిప్పన మొహం పాలిపోయింది. "నా మీదేనా గురువుగారూ?"

ఓబళాచార్యులు అతనివైపు చూడలేదు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"నువ్వు తలుపు వేసింది ఇవాళ ఒక్కరోజే కదా," అన్నారు.