అయిపోయిందన్న మాట

ఒంట్లో ఇన్ఫెక్షన్ ముదిరిన నాటి నుంచి మెదడు వాచేదాకా నడిచే కథలో తనకు తెలియని మలుపు లేదని డాక్టర్ పినాకి వార్డు నడవలో జూనియర్ల ముందు ప్రకటించాడు. వెంటనే గొంతు తగ్గించి, "అసలెందుకు వాస్తుందన్నది ఒక్కటే తెలీదనుకోండి," అన్నాడు.

ఆ ఒక్కటీ అడగడానికి గురువు హైమవతి గారి గదికి వెళ్ళాడు. ఏ ప్రశ్నకైనా ఆవిడ సూటిగా జవాబిచ్చిన దాఖలా విజయనగరంలో ఎవరికీ గుర్తు లేదు.

"మేడమ్, మన అప్పలకొండ గారికి సూక్ష్మజీవులున్నది మూత్రపిండంలో. మెదడు చుట్టూ ఉండే నీళ్ళు తీసి చూస్తే ఒక్కటీ లేదు. మరి మనిషి సొంత అక్కను పట్టుకుని 'కండక్టరూ, టికెట్టియ్యి' అంటాడేం? సైటోకైన్లని, రక్తంలో కబుర్లు మోసే ప్రొటీన్లున్నాయి, అవి ఎక్కువయ్యాయని పుస్తకం అంటుంది. కబురు మోసేవాళ్ళే కొంప ముంచుతుంటే వాటి నోళ్ళన్నీ కట్టేయొచ్చుగా? ఈసారికి కథ వద్దు మేడమ్, మీకు పుణ్యముంటుంది."

"కథ కాదులే. మొన్న మన వార్డులో జరిగిందే," అన్నారావిడ.

మొన్న అప్పలకొండకు డయాలసిస్ ముగిసింది. ఇక్కడి నుంచి ఎవరో ఆయన మేనల్లుడికి ఫోన్ చేసి, "మీ మావయ్యగారికి అయిపోయిందండి, రండి," అని పెట్టేశారు. మన భాషలో భోజనమూ అయిపోతుంది, పరీక్షా అయిపోతుంది, మనిషీ అయిపోతాడు. మేనల్లుడు మూడోది అందుకున్నాడు. అతను ఇద్దరికి చెప్పాడు, ఆ ఇద్దరూ వీధికి చెప్పారు. కాసేపటికి ఊరంతా వ్యానుల్లో దిగింది. ముందుచూపున్న పెద్దమనిషి ఒకాయన పాడెకని వెదురు బొంగులు కూడా తెచ్చాడు.

అందరూ ప్రేమతోనే వచ్చారు. ప్రేమతోనే తోశారు. తలుపు గొళ్ళెం ఊడింది. లోపల కాపలావాళ్ళు కంగారుపడి, ఎవరు బంధువో ఎవరు నర్సో చూడకుండా అడ్డొచ్చినవాళ్ళనల్లా నెట్టారు. మందు తెస్తున్న నర్సు గుమ్మం బయటే చిక్కుకుపోయింది. అప్పటిదాకా కాస్త తెరిపిన పడ్డ అప్పలకొండ ఆ గోలకు మళ్ళీ బస్సెక్కేశాడు.

అప్పుడు గుమ్మం పక్క బల్లమీద కూర్చునుండే అక్క పైడమ్మ ఆ బల్లెక్కి నిలబడింది.

"ఒరే, నా తమ్ముడు బతికే ఉన్నాడర్రా! ఇప్పుడే నన్ను మళ్ళా టికెట్టడిగినాడు. ఇంక ఎల్లండి!"

జనం బిత్తరపోయి, నవ్వి, సర్దుకున్నారు. మేనల్లుడు మాత్రం పళ్ళు కొరికాడు. "ఆ ఫోన్ సేసినోడెవుడో సెప్పు పెద్దమ్మా, ఆడి సంగతి నాను సూసుకుంటాను."

"ఎవుడో నానెరగను. ఆ ఎదురుబొంగులట్టుకెల్లు, బీరపాదుకి పందిరెయ్యి."

నర్సు లోపలికి రాగలిగింది. మందు అందింది.

"మెదడు గుమ్మం దగ్గరా ఇదే తంతు," అని హైమవతి గారు అంతటితో ఆపారు. వెదురుబొంగుల మాటకు పగలబడి నవ్వాల్సిన పినాకి నవ్వలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"వాళ్ళకసలు కబురే అందకుండా ఉంటే..." అని నసిగాడు.

"అంతకు ముందురోజు రక్తం కావాలంటే చొక్కా చేతులు మడుచుకుని వరుసలో నిలబడ్డదెవరు? వాళ్ళే కదూ! కబురు మోసేవాళ్ళ నోళ్ళు కట్టేస్తే ఆ రోజు వాళ్ళొచ్చేవారా?"

ఇంతలో వార్డులోంచి కేక వినిపించింది. ఇద్దరూ పరుగెత్తారు. అప్పలకొండ కళ్ళు తేటగా ఉన్నాయి. "అక్కా, ఆకలేస్తంది," అంటున్నాడు. పైడమ్మ తమ్ముడి గడ్డం పట్టుకుని, "ఒలమ్మా, దిగినావా బస్సు!" అని ఏడుస్తూ నవ్వింది. పినాకిని చూడగానే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "నీ సలవే బాబూ. నీ కడుపు సల్లగుండ."

పొగడ్త వింటే గాల్లో తేలే పినాకికి ఆ దండం ముందు కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి. వంగి ఆవిడ పాదాలు తాకాడు. నడవలోకి వచ్చాక, జూనియర్లు వింటున్నారని తెలిసీ నోరు విప్పాడు.

"మేడమ్, ఆ ఫోన్ చేసింది నేనే. డయాలసిస్ అన్న మాట మింగేశాను."

"తెలుసు," అన్నారు హైమవతి గారు. "పైడమ్మకీ తెలుసు. నువ్వు ఫోన్ మాట్లాడింది ఆవిడ బల్ల పక్కనే నిలబడి. చేసింది నువ్వన్న కబురు ఆవిడ దగ్గరే ఆగింది."