అరవని తీతువు

అనగనగా ఒక అడవిలో, ఎండాకాలం వస్తే సగానికి సగం ఎండిపోయే ఏరు ఒకటి ఉండేది. ఆ ఏటి ఇసుకలో తీతమ్మ అనే తీతువు పిట్ట కాపురం ఉండేది. తీతువులు చెట్టెక్కి గూడు కట్టవు పిల్లలూ. నేల మీదే, గులకరాళ్ల మధ్య గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు కూడా గులకరాళ్లలాగే మచ్చమచ్చలుగా ఉంటాయి. పక్కనే నిలబడినా గుర్తుపట్టలేం.

మరి ఇంకేం భయం అంటారా? తీతమ్మకు అన్నీ భయాలే. ఎండుటాకు కదిలినా గుండె ఝల్లుమనేది. వెంటనే పైకి లేచి, గుడ్ల చుట్టూ తిరుగుతూ అడవంతా మారుమోగేలా అరిచేది.

ఒక సాయంత్రం అటుగా నక్క వచ్చింది. తీతమ్మ అరిచింది. అరుపు ఎక్కడ ఎక్కువైతే అక్కడే నక్క వెతికింది. నాలుగు గుడ్లూ తినేసి, మూతి నాక్కుంటూ, "నువ్వు పిలవకపోతే నా దారిన నేను పోయేవాణ్ణమ్మా" అంది.

ఆ మాట తీతమ్మ గుండెలో ముల్లులా దిగింది. పాపం, తిండి మానేసి ఏడ్చింది. తన గొంతే తన బిడ్డలను పట్టిచ్చిందంటే ఏ తల్లి తట్టుకుంటుంది?

ఏటి మడుగులో ఒక ముసలి అడవిదున్న ఉండేవాడు. ఆయనకు ఎప్పుడూ కంగారు లేదు. ఎవరేమన్నా దున్నపోతు మీద వాన పడ్డట్టే అని కోతులు ఎగతాళి చేసేవి. తీతమ్మ ఆయన దగ్గరికి వెళ్లి, ఇంత నిమ్మళం ఎలా వచ్చిందో చెప్పమని అడిగింది.

"చిన్నప్పుడు నా నీడను చూసి నేనే పరిగెత్తేవాణ్ణి తల్లీ" అన్నాడు దున్నతాత. "రోజూ పొద్దు పొడిచే వేళ కాసేపు కదలకుండా ఉండు. ఊపిరి లోపలికి పోతుంటే చూడు, బయటికి వస్తుంటే చూడు. మనసు ఎటో పోతుంది. కోప్పడకు. మెల్లగా మళ్లీ ఊపిరి దగ్గరికి తెచ్చుకో. అంతే."

తీతమ్మ మొదలుపెట్టింది. మొదటిరోజు మనసు నక్క వెంట పోయింది. రెండో రోజు చీమల వెంట పోయింది. మూడో రోజు కాసేపు హాయిగా అనిపించింది. ఇంకేం, నాకు వచ్చేసింది అనుకుని నాలుగో రోజు నుంచి మానేసింది.

మళ్లీ గుడ్లు పెట్టింది. మళ్లీ నక్క వచ్చింది. తీతమ్మ గబగబా కళ్లు మూసుకుని ఊపిరి కోసం వెతుక్కుంది. అది అందితేనా? గొంతు దానంతట అదే అరిచింది. ఆ నాలుగు గుడ్లూ పోయాయి.

దున్నతాత తిట్టలేదు. మడుగులోంచి లేచి దాని పక్కకు వచ్చాడు. తర్వాత అన్నాడు, "ఇల్లు అంటుకున్నాక బావి తవ్వితే నీళ్లు పడతాయా తల్లీ? తవ్వడం నీకు రాక కాదు. ముందే తవ్వుకోవాలి, అంతే."

ఈసారి తీతమ్మ ఒక్క పొద్దు కూడా మానలేదు. తుంపర పడినా కూర్చుంది. మనసు బాగాలేకపోయినా కూర్చుంది. కొన్ని రోజులు కూర్చున్నంతసేపూ నక్కే కనిపించేది, అయినా మర్నాడు మళ్లీ కూర్చునేది. కోతులు చూసి దొంగజపం అని నవ్వాయి. నవ్వితే నవ్వనీ అనుకుంది. గుడ్లు పెట్టాక వాటిని పొదుగుతూనే ఊపిరిని చూసుకుంది.

ఒక సాయంత్రం నక్క రానే వచ్చింది. తీతమ్మ చప్పుడు లేకుండా గుడ్ల మీద నుంచి దిగి, పది అడుగులు నడిచి, ఇసుకలో పురుగులు ఏరుకోసాగింది. నక్కకు ఆశ్చర్యం వేసింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది. అది ఆరితేరిన జిత్తులమారి. సరిగ్గా గుడ్ల పక్కనే ఆగి, "ఇదిగో, దొరికాయి" అంది.

 అరుపు తీతమ్మ నాలుక చివర ఉంది. అప్పుడు, ఎవరూ చెప్పకుండానే, మనసు ఊపిరి దగ్గరికి వెళ్లింది. ఒక ఊపిరి. ఇంకో ఊపిరి. మూడో ఊపిరికి తీతమ్మ కళ్లు తేటపడ్డాయి. నక్క నేలను చూడటం లేదు. తన ముఖాన్నే చూస్తోంది.

"ఏం దొరికాయి నక్కబావా?" అని నింపాదిగా అడిగింది.

నక్క ముఖం చిన్నబుచ్చుకుంది. ఏమీ లేదని గొణుక్కుంటూ, గుడ్లను దాటుకుని పొదల్లోకి వెళ్లిపోయింది. అది కనుమరుగయ్యాకే తీతమ్మ గుడ్ల మీదికి తిరిగి వచ్చింది.

వారం తిరిగేసరికి నాలుగు పిల్లలు బయటికొచ్చి ఇసుకలో తూలుతూ నడిచాయి. వాటిని చూడటానికి వచ్చిన దున్నతాత, ఆ సాయంత్రం భయం వేయలేదా అని అడిగాడు.

"వేయకేం తాతా" అంది తీతమ్మ. "లోపల అది అరుస్తూనే ఉంది. నేను అరవలేదు."

నీతి: ప్రశాంతత ఆపద వేళ వెతుక్కుంటే దొరికేది కాదు, రోజూ కాస్త కాస్త సాధన చేసి దాచుకునేది.