పడుకున్న వాగు, అడుగంటిన పాతర

అనగనగా ఒక కొండ అడవి. అక్కడి జంతువులన్నీ కలిసి ఒక పాతర తవ్వుకున్నాయి. పాతర అంటే గింజలు దాచుకునే గొయ్యి, పిల్లలూ. ప్రతి పంటకాలంలో ఎవరి వంతు గింజలు వాళ్ళు తెచ్చి అందులో పోయాలి. ఎవరి గూడు కాలినా, ఎవరి బొరియ కూలినా, మళ్ళీ నిలదొక్కుకునేదాకా ఆ గింజలే వాళ్ళకు తిండి.

పాతరకు కాపలా ముళ్ళపంది పోలమ్మ. ఆమె కట్టడి గట్టిది. అడుగున ఉన్న గింజలు అడవి మొత్తానికి ఆపద వస్తే తప్ప ముట్టకూడదు. ఎండిపోయిన పాత వాగులో ఇల్లు కట్టుకున్నవాళ్ళకు పాతరలో వంతు లేదు.

ఆ వాగు పారగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. అక్కడి ఇసుక మెత్తన. కుందేలు లచ్చి దాని మీద మనసు పడింది.

"పెద్దమ్మా, పైనంతా రాతినేల. తవ్వలేక నా కాళ్ళు పుళ్ళు పడుతున్నాయి. పిల్లలతో వాగులో ఉండనా?" అని అడిగింది.

"ఉంటే ఉండు. పాతర మాత్రం నీకు పూచీ పడదు" అంది పోలమ్మ. "వాగు పడుకుంది లచ్చీ. చచ్చిపోలేదు."

 లచ్చి గొణుక్కుంటూ రాతినేలకే తిరిగిపోయింది.

ఈ మాట ముంగిస గవరయ్య విన్నాడు. అందరినీ పోగుచేశాడు.

"ఎప్పుడో వచ్చే ఆపదకు ఇప్పుడు కడుపు మాడ్చుకోవాలా? నన్ను కాపలా పెట్టండి. వంతు సగం చేస్తాను. వాగులో ఉన్నవాళ్ళకూ పూచీ నాది. అడుగు గింజలతో ఇవాళే విందు!"

జంతువులన్నీ ఎగిరి గంతేశాయి. లచ్చి కూడా సరే అంది. పోలమ్మ ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. గవరయ్య కాపలాదారు అయ్యాడు, ఆ రోజే విందూ జరిగింది.

కొన్నాళ్ళకు వాగు నిండా బొరియలే, లచ్చిదీ అక్కడే. అప్పుడు మొదలయ్యాయి వింతలు. మొదట కప్పలు అరవడం మానేశాయి. తర్వాత చీమలు గుడ్లు నోట కరుచుకుని కొండ మీదికి బారులు కట్టాయి. "ఎక్కడికి?" అని అడిగితే ఒక్కటీ ఆగలేదు. ఒక పొద్దున లచ్చి చిన్న కూతురు నేలకు చెవి ఆనించింది.

"అమ్మా, కింద ఎవరో ఊపిరి పీలుస్తున్నారే!"

లచ్చీ విన్నది. నిజమే. సన్నగా, ఆగి ఆగి వినిపిస్తోంది. గోడ తడిమితే చెమ్మగా, చల్లగా తగిలింది.

గవరయ్య దగ్గరికి పరుగెత్తింది. "బావా, నాకు భయంగా ఉంది. పైకి వెళ్ళిపోనా?"

"భయమెందుకే పిచ్చిదానా? బొరియ కూలితే కూలనీ. పాతర ఉందిగా!"

ఆ మాట నమ్మి లచ్చి వాగులోనే ఉండిపోయింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. ఆకాశంలో మబ్బు తునక లేదు. గాలి ఆగిపోయింది. పిట్టలు నోరు మూసుకున్నాయి. వాన ఎక్కడో కొండల వెనక కురిసింది. ఇక్కడ ఎవరికీ తెలియదు. ముందు ఇసుక మీద తెల్లటి నురగ నాలుకలా పాకుతూ వచ్చింది. చప్పుడు లేదు. దాని వెనకే వాగు లేచింది.

లచ్చి పెద్దపిల్లలిద్దరినీ గట్టు మీదికి తోసింది. చిన్నదాని కోసం వెనక్కి తిరిగింది. బొరియ ఉన్నచోట నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. ఇంకేమీ లేదు.

పొద్దు వాలేసరికి తడిసిన జంతువులన్నీ పాతర చుట్టూ చేరాయి. గవరయ్య మూతరాయి జరిపాడు. ఉన్న గింజలు నాలుగు నోళ్ళకు కూడా చాలవు.

"ఇంకేవీ?" అని అందరూ లోపలికి అరిచారు.

"ఇంకేవీ... ఇంకేవీ..." అని గొయ్యి తిరిగి అడిగింది.

"ఏడాదికి ఒకటో రెండో ఇళ్ళు కూలుతాయనుకున్నాను. అందరివీ ఒక్కసారే కూలితే నేనెక్కణ్ణుంచి తేను?" అని గవరయ్య ఏడ్చాడు.

"కొట్టండి వీణ్ణి!" అని అందరూ మీదికొచ్చారు. పోలమ్మ అడ్డు నిలిచింది.

"వాణ్ణి కొడితే గింజలు రాలవు. ఆ విందులో వేళ్ళు నాకనివాళ్ళెవరు?"

మీదికొచ్చినవాళ్ళు వెనక్కి తగ్గారు.

ఆ వానాకాలమంతా చేదు గడ్డలు తవ్వుకుని బతికారు. ఆకలికి తాళలేక కొందరు అడవి వదిలిపోయారు. మిగిలినవాళ్ళు, "ఇక పాతరా వద్దు, పూచీ వద్దు. ఎవరి గింజ వాళ్ళదే" అన్నారు. అడవి మూగబోయింది. గాలికి ఉడత గూడు పడిపోతే, పలకరించడానికి కూడా ఎవరూ రాలేదు.

అది చూసి లచ్చి దోసెడు గింజలు పట్టుకుని పోలమ్మ దగ్గరికి వచ్చింది.

"పెద్దమ్మా, సగం ఉడతకు పెట్టు. సగం అడుగున పొయ్యి. గింజలు మళ్ళీ పండుతాయి. నా చిట్టితల్లిని ఏ పాతరా తిరిగివ్వలేదు. నీ కట్టడి మళ్ళీ పెట్టు. నేనే వచ్చి ఏడ్చినా సడలించకు."

 పోలమ్మ లచ్చి దోసిలి కింద తన దోసిలి పట్టింది.

మర్నాటి నుంచి ఒక్కొక్కరే గింజలు తేవడం మొదలుపెట్టారు. చివరికి గవరయ్య వచ్చాడు. మూట నెత్తిన పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

"అక్కడే నిలబడ్డావేం? రా, ఇలా పొయ్యి" అంది పోలమ్మ.

నీతి: ఆపద లేని రోజుల్లో కట్టడి బరువనిపిస్తుంది. దాన్ని దించేసి, పూచీ ఉందిగా అని ప్రమాదం ఒడిలో కాపురం పెడితే, ఒక్క దెబ్బకు పూచీ కూడా మునిగిపోతుంది.