తాటిదోనెలో మూడు సాయంత్రాలు

పోలరాజుకి ఒకటే బాధ. తను ఎంత బలంగా తెడ్డు వేసినా పడవ మాత్రం వెళ్ళాల్సినంత వేగంగా వెళ్ళడం లేదు.

అది డ్రాగన్ పడవ. ముందు నోరు తెరిచిన డ్రాగన్ తల, దాని వెనక డప్పు కొట్టేవాడు, ఆ తర్వాత పది బల్లలు. బల్లకి ఇద్దరు చొప్పున ఇరవై మంది. మొదటి బల్ల మీద కూర్చునేది పోలరాజు. అతని తెడ్డు ఎలా కదిలితే వెనకవాళ్ళ తెడ్లు అలా కదలాలి. చిట్టచివర నిలబడి చుక్కాని పట్టేది అంకాలు. ఒకప్పుడు లాంచీలు నడిపినవాడు కాబట్టి ఆ లంక ఊళ్ళో అందరికీ ఆయన సరంగు తాత. వీళ్ళందరికీ పడవ పందెం నేర్పిందీ ఆయనే.

కొల్లేటి మీద పందానికి ఇంకా ఎనిమిది రోజులే ఉన్నాయి. పోయినేడు మూడు బారల తేడాతో ఓడిపోయారు.

ఆ సాయంత్రం సాధన అయ్యాక పోలరాజు నేరుగా తాత దగ్గరికి వెళ్ళాడు.

"తాతా, నాంచారయ్యనీ శోభనాద్రినీ తీసెయ్. ఆఖరి బల్ల మీద కూర్చుని అన్నదమ్ములిద్దరూ షికారు చేస్తన్నారు. నేను లాగుతుంటే వాళ్ళు మోయించుకుంటన్నారు."

గట్టు మీద లుంగీ పిండుకుంటున్న నాంచారయ్యకి ఆ మాట వినపడింది.

"మా బల్ల దగ్గర పడవ బురదలో దిగబడ్డట్టు ఉంటందిరా. నువ్వొచ్చి లాగి చూడు, తెలుస్తది."

"లాగేవాడికైతే తెలుస్తది," అన్నాడు పోలరాజు.

అంకాలు ఇద్దరినీ చూశాడు.

"సరే. ఎవర్ని తియ్యాలో నువ్వే చెబుదువుగాని. ముందు మూడు రోజులు నన్ను దోనెలో మా ఇంటికాడ దింపు."

పోలరాజుకి అంతకన్నా ఏం కావాలి? అప్పుడే దోనె దగ్గరికి నడిచాడు.

తాటిమాను తొలిచి చేసిన దోనె అది. ఇద్దరికి మించి పట్టరు. తుమ్మితే ఊగుతుంది. ఆ ఊళ్ళో దోనెని పొడవాటి గెడతో అడుగు నేలని నెట్టుకుంటూ నడుపుతారు. పోలరాజు అలవాటుగా గెడ అందుకోబోయాడు.

"అది వదిలెయ్. తెడ్డు తీసుకో," అన్నాడు తాత.

పోలరాజు ముందు కూర్చున్నాడు. తాత వెనక కూర్చున్నాడు. తన బలం ఎంతో తాతకి దగ్గరగా చూపించే అవకాశం దొరికింది కదా అని పోలరాజు తెడ్డు ముందుకి చాచి ముంచి, చెయ్యి వీపు వెనక్కి వెళ్ళేదాకా లాగాడు. దోనె వెనక భాగం కిందికి దిగింది. తెడ్డు పైకి లేస్తూ దోసెడు నీళ్ళు తెచ్చి తాత ఒళ్ళో పోసింది.

తాత పక్కనున్న సత్తు గిన్నె తీసుకుని, అడుగున చేరిన నీళ్ళు తోడి బయట పోశాడు. ఇంకోసారి తెడ్డు. ఇంకో దోసెడు. తాత మళ్ళీ తోడాడు. ఇల్లు చేరేదాకా ఇద్దరి చేతులూ ఆగలేదు.

దారిలో గడ్డిమోపుతో పున్నమ్మ దోనె ఎదురైంది.

"ఏరా పోలరాజూ, సరంగు బావకి తలంటు పోస్తన్నావా?"

"కుంకుడుకాయలు మర్చిపోయాడు పున్నా," అన్నాడు తాత.

దిగేటప్పుడు పోలరాజు, "ఇవాళ ఎదురుగాలి తాతా," అన్నాడు.

"అవున్రా," అన్నాడు తాత.

రెండో రోజు ఆకు కదల్లేదు. పోలరాజు ఇంకా గట్టిగా లాగాడు. తాత ఇంకా ఎక్కువ నీళ్ళు తోడాడు. గట్టు చేరాక తాత పంచె పిండుకుంటుంటే పోలరాజు తల దించుకుని, "ఈ దోనె కొంచెం వంకర తాతా," అన్నాడు.

"అవున్రా, వంకరే," అన్నాడు తాత.

మూడో రోజు తాత గిన్నె గట్టు మీదే వదిలేసి ఎక్కాడు.

"గిన్నె తాతా?"

"ఇవాళ నా చెయ్యి ఖాళీగా ఉండాలి."

తాత ముందుకి వంగి, పోలరాజు నడుము పక్కగా దోనె అంచు మీద అరచెయ్యి పరిచి పెట్టాడు. తెడ్డు నడుము దాటి వెనక్కి వెళ్ళాలంటే ఆ వేళ్ళ మీంచే వెళ్ళాలి.

"చెయ్యి తియ్యి తాతా. నలుగుద్ది."

"నువ్వు లాగరా."

పోలరాజు జాగ్రత్తగానే లాగాడు. కానీ ఇన్నేళ్ళ అలవాటు మాట వింటుందా? తెడ్డు కాడ వెళ్ళి తాత వేళ్ళకి కొట్టుకుంది. వేలి కణుపు మీద తోలు లేచిపోయింది.

"అయ్యో తాతా!"

తాత చెయ్యి అక్కడే ఉంది.

రెండోసారి పోలరాజు తెడ్డుని నడుము దాకా రానిచ్చి, చటుక్కున పైకి తీసేశాడు. సగం పని చేసినట్టనిపించింది. దోనె ఇక ఆగిపోతుందనుకున్నాడు. ఆగలేదు. మళ్ళీ ముంచాడు, మళ్ళీ నడుము దగ్గర తీశాడు. దోనె వెనక దిగబడలేదు. కాలవ నీటి మీద పాము పోయినట్టు జారిపోయింది. తాత పంచె పొడిగా ఉంది. ఇల్లు ఇంత త్వరగా ఎలా వచ్చిందో పోలరాజుకి అర్థం కాలేదు.

తాత దిగి, గట్టు మీద నిలబడి అడిగాడు.

"నీకు గెడ వెయ్యడం ఎవరు నేర్పార్రా?"

"మా నాన్న."

"బాగా నేర్పాడు."

తాత లోపలికి వెళ్ళిపోయాడు. పోలరాజు దోనెలోనే కూర్చుని చేతుల వంక చూసుకున్నాడు. గెడ నేలని తన్నుతుంది. దాన్ని చేతుల్లోంచి జారేదాకా వెనక్కి నెట్టాలి. తెడ్డు కింద నేల ఎక్కడుంది? నడుము దాటితే అది నీళ్ళనే ఎత్తుతుంది, పడవని కిందికి దించుతుంది. ఆఖరి బల్ల దగ్గర పడవ దిగబడుతోందన్న నాంచారయ్య మాట గుర్తొచ్చింది. వెనకున్నవాళ్ళంతా తన తెడ్డునే చూస్తారన్నదీ గుర్తొచ్చింది.

మర్నాడు అందరూ పడవ దగ్గర చేరారు. అన్నదమ్ములిద్దరూ ఎక్కకుండా, తెడ్లు పట్టుకుని గట్టు మీదే నిలబడ్డారు.

"చెప్పు పోలరాజూ," అన్నాడు అంకాలు. "ఎవర్ని తియ్యమంటావు?"

పోలరాజు పడవ ఎక్కి, మొదటి బల్ల దగ్గర ఆగకుండా, తొమ్మిది బల్లలూ దాటి, ఆఖరి బల్ల మీద కూర్చున్నాడు.

"అది మా బల్లరా," అన్నాడు నాంచారయ్య.

అంకాలు చుక్కాని పట్టుకుని పోలరాజు వంక చూశాడు.

"ఇక్కడ కూర్చుంటే నీ తెడ్డు ఎవడు చూస్తాడ్రా? ముందుకెళ్ళు."